సీసాలో ఉన్నది ఎవరి కడుపు?

పోయిన నెల మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. వాడికి ఒంగోలు అవతల పల్లెలో పదకొండు గేదెలున్నాయి. పాలు కేంద్రానికి పోస్తాడు. వెన్న శాతం ఒక్క పాయింటు తగ్గినా ఆ రాత్రే నాకు ఫోన్ వస్తుంది. ఫొటోలో ఒక ఆకుపచ్చ ప్యాకెట్టు ఉంది. దాని మీద నిగనిగలాడే గేదె బొమ్మ, పక్కన పెద్ద అక్షరాల్లో "మీథేన్ 60 శాతం తగ్గుతుంది, ఆ శక్తి పాలుగా మారుతుంది. ల్యాబ్‌లో నిరూపితం." మీథేన్ అంటే మేత పులిసేటప్పుడు పశువు కడుపులో పుట్టి త్రేన్పుల్లో బయటికి పోయే గ్యాస్, భూమిని వేడెక్కించేది. కింద వాడి ప్రశ్న: "అక్కా, దాణా షాపు ఆయన కిలో తొమ్మిది వందలంటున్నాడు. వాడొచ్చా?"

వద్దని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ "ల్యాబ్‌లో నిరూపితం" దగ్గర ఆగిపోయాను. ఆ ల్యాబ్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. పశుపోషణలో పీజీ చేసిన రెండేళ్ళూ నేను బతికింది అలాంటి ల్యాబ్‌లోనే. ఆ 60 శాతం అబద్ధం కాకపోవచ్చు. పశువు కడుపులోని ద్రవం పోసిన ఏదో ఒక సీసాలో, ఏదో ఒక రోజు, నిజంగానే అంత తగ్గి ఉండొచ్చు. నా గొడవ దాని గురించి కాదు. ఆ సీసాలో ఎవరి కడుపు ఉంది, ఆ పశువు అంతకు ముందు వారం ఏం తింది అన్నది ప్యాకెట్టు మీద లేదు. చాలాసార్లు పరిశోధన పత్రంలో కూడా అది ఒక మూలన, ఒక్క వాక్యంలో ఉంటుంది. అది లేని అంకెను రైతు దగ్గరికి తీసుకెళ్ళకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో కాస్త వివరంగా చెప్పాలి.

ఫ్లాస్కులో తెచ్చిన పొట్ట

ఉదయం మేత వేయకముందే వెళ్ళాలి. మా ల్యాబ్‌కి రూమెన్ (గడ్డి పులిసే మొదటి పెద్ద పొట్ట) ద్రవం ఇచ్చే గేదెకి ఎడమ డొక్కలో ఆపరేషన్ చేసి రబ్బరు మూత బిగించారు. చలికాలం పొద్దున ఆ మూత తీస్తే లోపలి నుంచి ఆవిరి లేచేది. చెయ్యి మోచేయి దాటి లోపలికి పోతుంది. పైన చాపలా తేలే గడ్డి, దాని కింద వెచ్చటి జావ. గుప్పెడు గడ్డి తీసి నాలుగు మడతల మస్లిన్ గుడ్డలో పిండితే ఆకుపచ్చా గోధుమా కలిసిన ద్రవం కారుతుంది. వేడినీళ్ళు పోసి వంపేసిన థర్మాస్ ఫ్లాస్కులో దాన్ని మెడదాకా నింపాలి. గాలి తగిలితే లోపలి ప్రాణులు చచ్చిపోతాయి. మూత బిగించి ల్యాబ్‌కి పరుగు. ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా ఆ వాసన చేతిని వదలదు. సాయంత్రం బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండేది.

ఆ ద్రవం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంటాయి. లక్షల్లో ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు, పీచులోకి వేళ్ళు దించే శిలీంధ్రాలు, మీథేన్ తయారుచేసే ఆర్కియా అనే సూక్ష్మజీవులు కూడా. పశువుకు అందే శక్తిలో దాదాపు 70 శాతం ఇవి గడ్డిని పులియబెట్టి తీసిన ఆమ్లాల నుంచే వస్తుంది. గేదె గడ్డి తింటుందని మనం అంటాం. నిజానికి గడ్డి తినేది ఈ జీవాలు. అవి మిగిల్చిందీ, ఆపైన వాటినీ గేదె తింటుంది.

ల్యాబ్‌లో ఆ ద్రవానికి కృత్రిమ లాలాజలం కలుపుతాం. గొర్రె లాలాజలంలో ఏముందో 1948లో మెక్‌డూగల్ లెక్కగట్టి ఇచ్చిన వంటకం అది. డెబ్భై ఏళ్ళు దాటినా ప్రపంచమంతా దాన్నే కలుపుతోంది. 1963లో ఇంగ్లండులో టిల్లీ, టెర్రీ అనే ఇద్దరు దీన్ని రెండు అంచెల పద్ధతిగా కుదిర్చారు. మేతను 48 గంటలు రూమెన్ ద్రవంలో, ఆ తర్వాత 48 గంటలు ఆమ్లం, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము కలిపిన నీళ్ళలో ఉంచి ఎంత కరిగిందో తూచడం. 1979లో జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో మెంకె బృందం ఇంకో దారి పట్టింది. ఎంత కరిగిందని కాకుండా ఎంత గ్యాస్ వచ్చిందని చూడడం. 100 మిల్లీలీటర్ల గాజు సిరంజిలో 200 మిల్లీగ్రాముల మేత పొడి, 30 మిల్లీలీటర్ల ద్రవం, 39 డిగ్రీల వేడి. పులిసేకొద్దీ గ్యాస్ పిస్టన్‌ని పైకి నెడుతుంది. ఎంత పైకి లేస్తే మేత అంత బాగా అరుగుతున్నట్టు.

నేను చేసింది ఈ సిరంజిలతోనే. పిస్టన్‌కి వాజెలీన్ రాయడం, బుడగ లేకుండా ద్రవం ఎక్కించడం, రెండు గంటలకు, నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు లేచి గీతలు చదవడం. రాత్రి పన్నెండింటికి ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని, వరిగడ్డి సిరంజి నిద్రపోతుంటే తవుడు సిరంజి గబగబా పైకి లేవడం చూస్తుంటే ఒళ్ళు పులకరించేది. కంటికి కనబడని పని కళ్ళ ముందు కదులుతోంది. ఆ ఇష్టం ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ సీసాని చులకన చేసే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు.

కానీ ఒక వారం లెక్కలు కుదరలేదు. ప్రతిసారీ కొన్ని సిరంజిల్లో మేత వేయకుండా వట్టి ద్రవం ఉంచుతాం, కొన్నింట్లో ఎప్పుడూ ఒకే రకం ఎండుగడ్డి పొడి వేస్తాం. ద్రవం సరిగ్గా ఉందో లేదో ఇవి చెప్తాయి. ఆ వారం రెండూ పడిపోయాయి. పోయిన వారం బాగా గ్యాస్ ఇచ్చిన మేతలు కూడా నీరసంగా ఉన్నాయి. వాటర్ బాత్ వేడి చూశాను, లవణాలు మళ్ళీ తూచాను, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మార్పించాను. మూడు రోజులు నిద్ర లేదు. టెన్షన్‌తో అన్నం కూడా సయించలేదు. నాలుగో రోజు షెడ్డులో పశువులు చూసే బాబాయ్‌ని మాటవరసకి అడిగాను. "పచ్చిమేత కోత అయిపోయిందమ్మా. పది రోజుల్నించీ వరిగడ్డే వేస్తున్నా. దాణా కూడా సగమే. స్టోరు నుంచి రాలేదు," అన్నాడు.

అంతే. తప్పు నా లవణాల్లో లేదు. సీసాలో కడుపు మారిపోయింది. నా గైడు ఆ వారం లెక్కలు తీసేసి, మేత కుదిరాక మళ్ళీ చేయమన్నారు. చేశాను. పరిశోధన పద్ధతి ప్రకారం అదే సరైన పని. కానీ చాలా ఏళ్ళ తర్వాత, పల్లెల్లో పశువైద్యం చేస్తూ తిరుగుతున్నప్పుడు నాకు తట్టింది. నేను చెత్తబుట్టలో వేసిన ఆ వారమే మా తమ్ముడి గేదెలకి దగ్గరగా ఉన్న వారం. మన ఊళ్ళలో సగం ఏడాది పశువు తినేది వరిగడ్డే కదా. చక్కగా పచ్చిమేత, కొలిచిన దాణా తిన్న గేదె కడుపును ప్రమాణం అనుకున్నాం. ఊళ్ళో గేదె కడుపును పొరపాటు అనుకున్నాం.

సీసా మొరాయించదు

పశువు కడుపులో ఉండి సీసాలో లేనివి చాలా ఉన్నాయి. పుట్టిన ఆమ్లాలను రూమెన్ గోడ ఎప్పటికప్పుడు పీల్చేసుకుంటుంది. సీసాకి ఆ గోడ లేదు, ఆమ్లాలు పేరుకుంటాయి. ఆవు రోజుకి 100 లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. సీసాలో మొదట పోసిందే ఆఖరు. అరిగింది ముందుకు పోవాలి, కొత్తది రావాలి. ఇవేవీ లేని సీసా ఒకటి రెండు రోజులకు మించి కడుపులా ప్రవర్తించలేదు.

ఇది కనిపెట్టేవాళ్ళకి తెలియనిది కాదు. స్కాట్లండులోని హన్నా పరిశోధన సంస్థలో చెర్‌కావ్‌స్కీ, బ్రెకెన్‌రిడ్జ్ 1977లో రుసిటెక్ అనే పరికరం చేశారు. పేరులోనే రూమెన్ అనుకరణ అని ఉంది. ఒక పాత్రలోకి కృత్రిమ లాలాజలం చుక్క చుక్కగా వస్తూ ఉంటుంది, అంతే ద్రవం అవతల పొంగి పోతూ ఉంటుంది. మేత నైలాన్ సంచుల్లో ఉంటుంది. రోజుకొక సంచి తీసి కొత్తది పెడతారు. వారాల తరబడి నడుస్తుంది. మంచి పరికరం, ముచ్చటగా ఉంటుంది. కానీ అందులోనూ రోజులు గడిచేకొద్దీ ప్రోటోజోవా తగ్గిపోతాయి. మీథేన్ తీసే జీవాల్లో కొన్ని ప్రోటోజోవాని అంటిపెట్టుకునే బతుకుతాయి. అవి పోతే మీథేన్ లెక్కే మారుతుంది.

వీటన్నింటికన్నా పెద్ద తేడా ఒకటుంది. అది నేను ల్యాబ్‌లో కాదు, మా ఇంట్లో నేర్చుకున్నాను. నా చిన్నప్పుడు పశువుల ఆసుపత్రి వాళ్ళు చెప్పారని మా నాన్న యూరియా గడ్డి వేశాడు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, పొరలు పొరలుగా తొక్కి, టార్పాలిన్ కప్పి మూడు వారాలు ఉంచాడు. తీసినప్పుడు గడ్డి బంగారు రంగులో మెత్తబడింది. సీసాలో పెట్టి చూస్తే ఈ గడ్డి మామూలు వరిగడ్డి కంటే ఖచ్చితంగా బాగా అరుగుతుంది, నేను తర్వాత నా చేతులతోనే చూశాను. మా గేదె మాత్రం మూతి దగ్గరికి తీసుకుని, ఫుర్రుమని ఊది, తల తిప్పేసుకుంది. ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయాలని ఎవరో చెప్తే అలా వేశాం. మూడో రోజుకి అలవాటు పడింది. తర్వాత మామూలు గడ్డి కంటే ఇష్టంగా, ఎక్కువగా తింది. ఆ మొదటి మూడు రోజుల మొరాయింపూ, తర్వాత ఎక్కువ తినడమూ, రెండూ సీసాలో లేవు. 200 మిల్లీగ్రాములు వేస్తే సీసా 200 మిల్లీగ్రాములూ పుచ్చుకుంటుంది. పాలిచ్చే గేదె విషయంలో ఎంత అరుగుతుంది అన్నది ఎంత ముఖ్యమో ఎంత తింటుంది అన్నది అంతకన్నా ముఖ్యం.

సుబాబుల్ నేర్పినది

ఎవరి కడుపు అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ సుబాబుల్. ప్రకాశం జిల్లా వాళ్ళకి ఈ చెట్టు గురించి చెప్పక్కర్లేదు. కాగితం మిల్లులకి కర్ర, మేకలకి ఆకు. ఆకులో మాంసకృత్తులు పుష్కలం. కానీ మైమోసిన్ అనే విషం కూడా ఉంది. రూమెన్‌లో అది డీహెచ్‌పీ అనే పదార్థంగా మారుతుంది, అది థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో దీన్ని ఎక్కువగా మేసిన పశువులకు వెంట్రుకలు ఊడాయి, బరువు పెరగలేదు, థైరాయిడ్ ఉబ్బింది.

హవాయిలో మాత్రం మేకలు అదే ఆకును కడుపు నిండా మేసి హాయిగా ఉన్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్తకు ఈ తేడా నిద్ర పట్టనివ్వలేదు. ఆకు అదే, విషం అదే, మేకా మేకే. మరి తేడా ఎక్కడ? కడుపులో ఉన్న జీవాల్లో ఉండాలని ఆయన ఊహించాడు. 1984లో ఆ ఆకుకు అలవాటుపడిన ఇండోనేషియా మేక రూమెన్ ద్రవాన్ని ఆస్ట్రేలియా మేకలకు ఎక్కించి, అవి డీహెచ్‌పీని విరిచేయడం చూపించారు. 1986 నాటికి హవాయి జీవాలనూ ఆస్ట్రేలియా పశువుల్లోకి మార్చారు. ఆ పని చేసే బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరే కలిపి సినర్జిస్టీస్ జోన్సీ అని పెట్టారు. 1990 దశకం మధ్య నుంచి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ ల్యాబ్‌లో ఒక ఫెర్మెంటర్‌లో (సూక్ష్మజీవులను పెంచే పాత్రలో) ఈ జీవాలను పెంచి, గడ్డకట్టించి, రైతులకు అమ్మడం మొదలైంది. ల్యాబ్ పొట్ట నుంచి పశువు పొట్టలోకి.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అప్పట్లో ఎవరైనా డీహెచ్‌పీ మిగులుతుందా లేదా అని సుబాబుల్‌ని సీసాలో పరీక్షించి ఉంటే ఏం తేలేది? ఆస్ట్రేలియా ఆవు ద్రవం పోస్తే "విషం, వేయొద్దు." హవాయి మేక ద్రవం పోస్తే "భేషుగ్గా ఉంది, వేయండి." రెండూ ల్యాబ్‌లో నిరూపితాలే.

కథ ఇక్కడితో అయిపోతే నాకు చాలా సుఖంగా ఉండేది. అయిపోలేదు. తర్వాతి ఏళ్ళలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇండోనేషియా వెళ్ళి, సుబాబుల్‌కి బాగా అలవాటుపడిన పశువుల మూత్రం పరీక్షించారు. అందులో డీహెచ్‌పీ మెండుగా ఉంది. అంటే రూమెన్‌లో అది పూర్తిగా విరగడం లేదు. అయినా పశువులు ఆరోగ్యంగా ఉన్నాయి. కాలేయం ఆ విషానికి వేరే అణువులను తగిలించి హాని చేయని రూపంలో బయటికి పంపేస్తోందని వాళ్ళ వాదన. బ్యాక్టీరియాను ఎక్కించడం అసలు అవసరమా అని 2019లో బాహాటంగానే అడిగారు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. ఏళ్ళ తరబడి మేము పాఠంగా చదువుకున్న కథ ఇది. ఎంత మంచి ఫెర్మెంటర్ కట్టినా అందులో కాలేయం ఉండదు. కడుపు ఎవరిదని అడగడంతోనే సరిపోదని, ఆ కడుపు చుట్టూ ఒక పశువు కూడా ఉంటుందని ఆ పరిశోధన నాకు గుర్తుచేసింది.

99, 80, 28

ఇప్పుడు మళ్ళీ ప్యాకెట్టు మీది మీథేన్ దగ్గరికి వస్తాను. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో 20 రకాల నాచులను రూమెన్ ద్రవంలో వేసి చూశారు. ఆస్పరాగాప్సిస్ అనే ఎర్ర సముద్రపు నాచు మీథేన్‌ని దాదాపు 99 శాతం ఆపేసింది. ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. 2021లో కాలిఫోర్నియాలో కోడెల మీద చేసిన ప్రయోగంలో 80 శాతం పైగా తగ్గింది. చాలా గొప్ప ఫలితం. 2023లో ఆస్ట్రేలియాలో వాగ్యూ అనే మాంసపు జాతి పశువులకు దాదాపు 300 రోజులు మేపితే తగ్గింది 28 శాతం. మోతాదులు వేరు, ఇచ్చిన తీరు వేరు, ఒకదాన్ని ఒకదానితో నేరుగా పోల్చకూడదని నాకు తెలుసు. కానీ రైతు గుమ్మం వైపు నడిచేకొద్దీ అంకె ఏ దిక్కుకి పోతోందో చూడండి.

నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే సంగతి. ఆ కాలిఫోర్నియా కోడెల్లో పీచు తక్కువ, గింజలు ఎక్కువ తిన్నవాటిలో మీథేన్ ఎక్కువగా తగ్గింది. పీచు ఎక్కువ తిన్నవాటిలో తక్కువగా తగ్గింది. బొవేర్ పేరుతో అమ్మే 3-ఎన్‌ఓపీ కథ కూడా ఇంతే. ఐరోపాలో 2022లో అనుమతి వచ్చిన మందు అది, పాడి ఆవుల్లో 30 శాతం దాకా తగ్గిస్తుంది. అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను 2018లో కలిపి చూస్తే, మేతలో పీచు పెరిగేకొద్దీ దాని బలం తగ్గుతోందని తేలింది. వరిగడ్డి అంటే పీచు. మనం ఆ వరసలో ఏ చివర ఉన్నామో వేరే చెప్పాలా?

పాల సంగతీ అంతే. మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం మీథేన్‌గా పోతుందని పాఠ్యపుస్తకం చెప్తుంది. కాబట్టి మీథేన్ ఆపితే ఆ శక్తి పాలలోకి వస్తుందని కాగితం మీద లెక్క వేయడం చాలా తేలిక. 3-ఎన్‌ఓపీ ఇచ్చిన ఆవుల్లో మీథేన్ నిజంగానే తగ్గింది. పాలు మాత్రం అంతగా పెరగలేదు. మీథేన్‌గా మారాల్సిన హైడ్రోజన్‌లో కొంత హైడ్రోజన్‌గానే బయటికి పోయింది. మా తమ్ముడు పర్యావరణం కోసం తొమ్మిది వందలు ఖర్చు పెడతానంటే నేను వాడికి దండం పెడతాను. కానీ ప్యాకెట్టు వాడికి అమ్ముతున్నది పర్యావరణాన్ని కాదు, పాలను.

బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ 2021లో హరిత ధార అనే మిశ్రమం గురించి చెప్పినప్పుడు ప్రకటించిన తగ్గుదల 17 నుంచి 20 శాతం. విని కొందరు ఇంతేనా అన్నారు. నాకు మాత్రం ఆ చిన్న అంకే నమ్మదగ్గదిగా అనిపించింది.

ఎదుటివాళ్ళ మాటలోనూ న్యాయముంది

ఇదంతా రాసి, నాతో చదువుకుని ఇప్పుడు పీజీ పిల్లలకు గైడుగా ఉన్న స్నేహితురాలికి పంపాను. రాత్రి ఫోన్ చేసి గంటసేపు వాయించింది. "నువ్వు చెప్పేవన్నీ మాకు తెలియవా? మేం సీసాతో రైతుకి సలహా ఇవ్వం. ముప్పై మేతల్లోంచి మూడింటిని ఏరుకుంటాం, అంతే. ఆ ముప్పైనీ గేదెలకి మేపమంటావా? పశువుని గదిలో పెట్టి మీథేన్ కొలిచే సౌకర్యం మన దగ్గర ఎన్ని చోట్ల ఉంది? నా స్టూడెంట్‌కి ఉన్నది రెండేళ్ళు, చేతిలో ఉన్న డబ్బు ఎంతో నీకు తెలుసు."

నిజమే. సీసా లేకపోతే చిన్న ల్యాబుల్లో ఈ పరిశోధనే లేదు. ఇంకో మాట కూడా ఆవిడ అనకముందే నేను ఒప్పుకోవాలి. సీసా ఎన్నో పశువులను కాపాడింది. పనికిరాని మేతను, విషం ఉన్న ఆకును ముందే వడగట్టేస్తుంది. డొక్కలో మూతతో నిలబడిన మా గేదె కళ్ళలోకి చూడడానికి మొదటి నెల నాకు ధైర్యం చాలలేదు. అలాంటి ఒక్క గేదె ఇచ్చిన ద్రవంతో వంద పరీక్షలు జరుగుతాయంటే, మిగతా తొంభై తొమ్మిది గేదెలు కొట్టంలో నెమరేసుకుంటూ ఉన్నట్టే.

రెండో మాట ఇంకా గట్టిది. "అందరం రకరకాల కడుపులు తెచ్చుకుంటే ఒకరి ఫలితాన్ని ఇంకొకరితో ఎలా పోలుస్తాం? అందుకే కదా ద్రవం ఇచ్చే పశువుకి ఎప్పుడూ ఒకే మేత వేసేది." దీనికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించాను. పోల్చడానికి ఒకే కడుపు కావాలి, ఒప్పుకుంటాను. అయితే ఆ ఒక్క కడుపు బాగా తిన్న పశువుదే ఎందుకు అవ్వాలి? మేత ఎవరికోసం పరీక్షిస్తున్నామో వాళ్ళ పశువు తినే తిండినే ప్రమాణంగా పెట్టుకోవచ్చు కదా. ఆరు కిలోల వరిగడ్డి, రెండు కిలోల తవుడు, గట్ల మీద కోసిన కాస్త పచ్చిగడ్డి. ఇది కూడా ప్రతిరోజూ ఒకేలా వేయొచ్చు. లేదంటే మామూలు ద్రవంతో ఏరిన ఆ మూడు మేతల్నీ వరిగడ్డి తిన్న పశువు ద్రవంతో ఇంకొక్కసారి పరీక్షించొచ్చు. ఇంకో వారం పని.

"రైతుకి సలహా ఇవ్వం" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేదు. మన థీసిస్‌లు చివర్లో ఏ వాక్యంతో ముగుస్తాయో ఇద్దరికీ తెలుసు. నాది కూడా అలాగే ముగిసింది. కుంకుడుకాయ రసం కలిపితే సిరంజిల్లో ప్రోటోజోవా తగ్గాయని చూశాను. "కనుక పశువుల దాణాలో దీన్ని చేర్చుటకు సిఫారసు చేయవచ్చును" అని రాశాను. నేను చూసింది 24 గంటలు. పశువు కడుపులో రోజులు గడిచేకొద్దీ బ్యాక్టీరియా ఆ రసంలో నురగ తెప్పించే సాపోనిన్‌లను విరిచేయడం నేర్చుకుంటాయి, ప్రోటోజోవా మళ్ళీ తిరిగొస్తాయి. ఇది అప్పటికే పుస్తకాల్లో ఉంది. నేను చదివాను కూడా. అయినా ఆ వాక్యం రాశాను, ఎందుకంటే ముందు థీసిస్‌లన్నింట్లో అలాగే ఉంది. ప్యాకెట్టు మీది "నిరూపితం" ఆకాశం నుంచి ఊడిపడలేదు. నా వాక్యం లాంటి వాక్యాలను ఎవరో పట్టుకెళ్ళి ముద్రించారు. దీనికి బాధ్యత కంపెనీ ఒక్కదానిదే అనడానికి నాకు నోరు రావడం లేదు.

ప్యాకెట్టు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఒక కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "ద్రవం ఏ పశువుదండీ? అది ఏం తింటోంది?" అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. రెండు రోజుల తర్వాత రిపోర్టు పంపాడు. పన్నెండు పేజీలు, రంగు రంగుల గ్రాఫులు. మొత్తం వెతికాను. పరీక్ష 24 గంటలదని ఉంది. పశువు గురించి "ఆరోగ్యవంతమైన ఆవు" అని రెండే మాటలున్నాయి. మా తమ్ముడివి గేదెలు.

వాడు ప్యాకెట్టు విప్పకుండానే వెనక్కిచ్చాడు. షాపాయన మొహం మాడ్చుకున్నా, బదులుగా ఖనిజ లవణ మిశ్రమం తీసుకోమన్నాడు. తీసుకొచ్చి వేస్తున్నాడు. నేను అడక్కుండానే వాడిప్పుడు పాల లెక్క పక్కన ఆ రోజు మేత ఏం వేశాడో కూడా రాసి ఫొటో పంపుతున్నాడు. "చొప్ప అయిపోయింది, ఈ రోజు నుంచి వరిగడ్డి" అని నిన్నటి వరసలో ఉంది.

నిన్న నా స్నేహితురాలు మళ్ళీ ఫోన్ చేసింది. తన స్టూడెంట్‌ని ఒకమ్మాయిని ఈ నెల కబేళాకి పంపుతోందట, ఊళ్ళ నుంచి వచ్చిన గేదెల రూమెన్ ద్రవం తెచ్చి, ఏరిపెట్టిన మూడు మేతల్నీ మళ్ళీ చేయించడానికి. నాకు సంతోషం పట్టలేదు, కానీ అడగాల్సింది అడిగాను. అవి ఏం తిన్నాయో ఎలా తెలుస్తుందని.

"పొట్ట కోస్తే కనబడదూ? అంతా వరిగడ్డే," అంది. ఒక్క క్షణం ఆగి, "ఎన్నాళ్ళ నుంచి తింటున్నాయో మాత్రం కనబడదు. తోలుకొచ్చిన వాళ్ళని అడిగి రాసుకోమన్నాను," అంది.